వాళ్ళ వరసలో మా పిల్ల

ఫిబ్రవరి 3, ఆదివారం

ఎవరికైనా చెప్పుకోకపోతే పగిలిపోయేలా ఉన్నాను. చెప్పుకోకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మాయి కెజాయా రో మ్యూ సొరోరిటీకి, అదే కాలేజీలో చేరితే జీవితాంతం ఉండే మా నల్లజాతి ఆడవాళ్ళ సంఘానికి, అప్లై చేసిందని నా అనుమానం. అనుమానమేమిటి, నమ్మకమే.

చర్చి అయ్యాక పిల్ల కాలేజీ నుంచి ఇంటికి భోజనానికి వచ్చింది. చలిగా ఉందని నా నారింజ శాలువా ఇవ్వబోతే, వద్దమ్మా అని చెయ్యి వెనక్కి తీసుకుంది. చేరాలనుకునే పిల్ల చేరేదాకా మా సంఘం రంగు ఒంటిమీద వేసుకోకూడదు. చేరాలని ఉన్నట్టు నోరు కూడా విప్పకూడదు. ఊహ తెలిసినప్పటినుంచీ దానికి నేను నూరిపోసిన మాటే ఇది. లోపల పొంగిపోయాను. పైకి మాత్రం బీన్స్ ఇంకొంచెం వేసుకోమన్నాను.

ఫిబ్రవరి 4

మా అమ్మ లూసిల్ రో మ్యూ. నేనూ రో మ్యూనే. నన్ను చేర్చుకున్న రోజున నా కోటుకి సంఘం పిన్ను గుచ్చింది మా అమ్మ. ఇప్పుడు నా కూతురికి గుచ్చే చెయ్యి నాది కావాలి. నాకున్న కోరిక ఇదొక్కటే.

మా ఆయన రోస్కోకి ఇదంతా పిచ్చిలా కనిపిస్తుంది. అది సంఘమా, గూఢచారి డిపార్టుమెంటా అంటాడు. ఆయన ఏ ఫ్రెటర్నిటీలోనూ, ఏ మగవాళ్ళ సంఘంలోనూ లేడు, ఆయనకేం తెలుసు. అమ్మ రోజుల్లో రో మ్యూలంటే ఆటపాటలు కావు. ఓటు నమోదుకని నల్లవాళ్ళకి పెట్టే దిక్కుమాలిన పరీక్ష ఎలా గట్టెక్కాలో చర్చి వంటగదిలో ముసలివాళ్ళని కూర్చోబెట్టి నేర్పేవారు. తలుపు దగ్గర ఒకరు కాపలా. గుట్టుగా ఉండటం మాకు అక్కడే అలవాటైందని అమ్మ అనేది. నిజమో కాదో నాకు తెలియదు.

ఫిబ్రవరి 16

సెలూన్‌లో అర్డెల్ కనిపించింది. మేమిద్దరం ఒకే ఏడాది, కొత్తపిల్లల్ని నిలబెట్టే ఒకే వరసలో చేరాం. ముందు అది, దాని వెనక నేను. ఇప్పుడు కాలేజీలో మా పిల్లల శాఖకి పెద్దదిక్కు అదే. అడగకూడదని తెలుసు. అయినా ఆగలేక, ఈ ఏడు పిల్లలు ఎలా ఉన్నారే అన్నాను. "ఎండ బాగుంది కదే" అంది. బయట కుండపోత వాన.

దాని మొహంలో ఏమీ కనిపించలేదు. అంటే మా పిల్ల ఉన్నట్టే కదా?

మార్చి 10

కెజాయా ఫోన్ ఎత్తడం లేదు. ఇవాళ ఎత్తింది, గొంతు బొంగురు. సంఘం పాఠాలు అరిచి అరిచి వల్లించి అలా అయిందని నాకు తెలియదా? తెలియనట్టు, వేడినీళ్ళలో తేనె, నిమ్మరసం వేసుకుని తాగమన్నాను. అది నవ్వి, "అమ్మా, నీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టింది. నేను గాభరాపడి, ఏమీ చెప్పకే తల్లీ, నేనేమీ అడగను అన్నాను. అది "సరేలేమ్మా" అంది.

ఎంత పద్ధతిగా పెంచానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మార్చి 24

పిన్నుకి మెరుగు పెట్టించాను.

ఏప్రిల్ 11

కెజాయా ఫోన్. రేపు సాయంత్రం కాలేజీ మైదానానికి రావాలట. నాన్నని కూడా తీసుకురావాలట. ఎందుకో అడగొద్దంది. ఎందుకు అడుగుతాను? కొత్తపిల్లల్ని జనం ముందుకు తెచ్చే ప్రొబేట్ రోజు అని పసిపిల్లలకి కూడా తెలుసు.

ఏప్రిల్ 13, ఉదయం

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడైనా ఏం రాయాలో తెలియడం లేదు.

నారింజ కోటు, నారింజ టోపీ, చేతిసంచి నిండా నారింజ గిఫ్టులు, కోటు జేబులో పిన్ను. అలా వెళ్ళాను. మైదానమంతా నీలంగా ఉంది. కై థీటా వాళ్ళు, ఇంకో ఆడపిల్లల సంఘం. ఇవాళ వీళ్ళది కూడా ఉందేమిటే, మనది ఎన్నింటికి అని అర్డెల్‌ని అడిగాను. అది నా చెయ్యి పట్టుకుంది. జనంలో తప్పిపోతానని పట్టుకుంది కాబోలు అనుకున్నాను.

నీలం కోట్లు, మొహాలకి ముసుగులు. ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, అందరి కాళ్ళూ ఒక్కసారే లేస్తూ జెర్రిలా వచ్చారు. వాళ్ళ స్థాపకుల పేర్లు చెప్పారు. తరవాత మిగతా సంఘాలని ఒక్కొక్కటిగా పలకరించారు. ఇది మర్యాద, ఎవరైనా చెయ్యాల్సిందే. మా వంతు వచ్చింది. వరసలోంచి ఒక పిల్ల అడుగు ముందుకేసి మా వైపు తిరిగింది. మా స్థాపకుల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, "రో మ్యూ అమ్మలకీ అక్కలకీ మా దండాలు" అంది.

గొంతు బొంగురు. పేర్లు చెబుతూ మధ్యలో చిన్న రాగం. ఆ రాగం రో మ్యూలో కూడా ఎవరికీ లేదు. అది నేను కట్టింది, చిన్నప్పుడు కెజాయాకి నీళ్ళు పోస్తూ.

పలకరించినవాళ్ళకి మేము మా కేకతో బదులివ్వాలి. మావాళ్ళంతా ఇచ్చారు. నా నోరు తెరుచుకుంది కానీ ఏమీ రాలేదు. అర్డెల్ డొక్కలో పొడిచింది. అయినా రాలేదు.

ముసుగులు తీశారు. అది ముందు నన్నే చూసింది. నేను ఏం మొహం పెట్టానో నాకు తెలియదు. రోస్కో మాత్రం "మా పిల్లే, మా పిల్లే" అని పక్కవాళ్ళకి చూపిస్తూ గంతులేశాడు. ఆయనకి ఏ రంగైనా ఒకటే.

పరుగెత్తుకొచ్చింది. ఎందుకు చెప్పలేదే అన్నాను. "చెప్పబోతే నువ్వేగా వద్దన్నావు! ఇన్నేళ్ళూ నోరు విప్పకూడదని నేర్పింది నువ్వు కాదా అమ్మా" అంది. దాని చూపు నా సంచి మీద పడింది. సంచిని వెనక్కి పెట్టుకున్నాను. కౌగిలించుకున్నాననే అనుకుంటున్నాను. సరిగా గుర్తులేదు.

ఏప్రిల్ 14

అర్డెల్‌కి ముందే తెలుసు. మా జాబితాలో కెజాయా లేదని చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. దాని చోట ఉంటే నేనూ చెప్పేదాన్ని కాదు. అయినా దానితో మాట్లాడను.

ఏప్రిల్ 21, ఈస్టర్

కెజాయా వచ్చింది. ఇద్దరం గిన్నెలు కడుగుతుంటే, మనదాంట్లో ఏం తక్కువైందే అని అడిగేశాను. తక్కువ కాదు, ఎక్కువైంది అంది. మా మీటింగుకి ఒకసారి వెళ్ళిందట. "ఒక్కరూ నా పేరు అడగలేదమ్మా. లూసిల్ మనవరాలివా, జునెట్టా కూతురివా అనడమే. ఒకావిడైతే నా గడ్డం పట్టుకుని అచ్చం అమ్మమ్మ నవ్వే అంది. కై థీటా వాళ్ళు నా పేరు అడిగారు."

నీకు నచ్చనిది నేను కాదు కదా, అన్నాను. అనడం కాదు, అడిగాను. "నువ్వు నచ్చకపోతే ఆ పేర్లు అంత బాగా చెబుతానా" అంది. ఇది జవాబేనా? తెలియడం లేదు.

పిన్ను ఎవరు గుచ్చారని కూడా అడిగాను. వరసలో దాని ముందు నిలబడిన పిల్ల వాళ్ళ అమ్మట. మంచావిడట. ఎవరో ఆవిడ, నా చెయ్యి చెయ్యాల్సిన పని చేసింది. ఆవిడకి థాంక్స్ చెప్పాలా, జుట్టు పట్టుకోవాలా?

కోపం ఎవరిమీదో తేలక రోస్కో మీద అరిచాను. ఆయన హామ్ ముక్క నములుతూ "మధ్యలో నేనేం చేశానే జునీ" అన్నాడు. నిజమే, ఏం చేశాడు?

జూన్ 16

నిన్న రోస్కో మేనల్లుడి పెళ్ళి. పాట పడగానే రో మ్యూ వాళ్ళం ఆడటానికి వరస కట్టాం. అర్డెల్ వెనక నా చోటు. మాట్లాడకపోయినా చోటు చోటే. అటునుంచి నీలం వరస కూడా లేచింది. ఒకరి వరసలోకి ఒకరు దూరకూడదు. దూరితే పెళ్ళి కాస్తా రణరంగం అవుతుంది. అందుకని హాలు చుట్టూ వాళ్ళు అలా, మేము ఇలా తిరిగాం. తిరిగినప్పుడల్లా కెజాయా ఎదురైంది. ఎదురైనప్పుడల్లా నవ్వింది. నేను అడుగు తప్పాను. "కళ్ళు ఎక్కడ పెట్టావే" అని అర్డెల్ కసిరింది. ఇదిగో, ఇలా మాటలు కలిశాయి.

పిల్ల బాగా ఆడుతుంది. మడమ తిప్పి, ఆగి, భుజం ఎగరేస్తారు వాళ్ళు. మాలో అది లేదు.

జూన్ 18

పొద్దున కాఫీ కాగుతుంటే వంటింట్లో మడమ తిప్పి, ఆగి, భుజం ఎగరేశాను. మళ్ళీ ఇంకోసారి. రో మ్యూ మనిషి చచ్చినా చెయ్యకూడని పని. వెనక్కి తిరిగితే గుమ్మంలో రోస్కో. కెజాయాకి ఫోన్ చేసి చెప్పేస్తానని బెదిరించాడు.

చెప్పుకోమన్నాను.