తిరపతయ్య బతకాల

నాయనా ఏసోబూ,

నువ్వు పోయిన దినం మళ్ళీ వచ్చింది. నీ బిడ్డ రూతు మార్కాపురంలో డిగ్రీలో చేరింది. ఎస్సై పరీక్షకు డిగ్రీ ఉండాలంట. తెల్లారే లేసి పరుగు ప్రాక్టీసు చేస్తాది. ఎస్సై అయినాక నీ కేసు తిరగదోడతా అంటాది. యాడ కాలు మెలిక పడుతుందోనని నాకు ఒకటే దిగులు.

అంతకంటే పెద్ద దిగులు తిరపతయ్యది. అడవిపందులకని చేను చుట్టూ కరెంటు తీగ కట్టి నిన్ను చంపి, నువ్వే తాగి బాయిలో పడి సచ్చినావని స్టేషన్లో రాయించినోడు. మొన్న వానికి గుండెనొప్పి వచ్చి గిద్దలూరు ఆసుపత్రికి తీసకపోయినారు. నాకు అన్నం దిగలేదు. ఆదివారం చర్చిలో లేసి నిలబడి వాని ఆరోగ్యం కోసం ఏడ్చి ప్రార్థన చేసినాను.

"శత్రువును క్షమించిన తల్లి" అని పాస్టరు గారు మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చినాక రూతు మండిపడింది. "ఏందవ్వా, మా నాయనను చంపినోనికి ప్రార్థనా?"

"నువ్వు యూనిఫాం ఏసుకొని వాని గడప తొక్కేదాకా వాడు ఉండాల గదమ్మా" అన్నాను.

అది పోయి పుస్తకం తెరిచింది.

నిన్న తిరపతయ్య మనింటి ముందర నడిచిపోతా ఉంటే ఎదురుపోయినాను. "ఉప్పు తగ్గించుకోండయ్యా, మాత్రలు మర్చిపోబాకండి" అని చెప్పినాను.

పాపం, నాకు దండం పెట్టి పోయినాడు.

మీ అమ్మ