పైకి చదవని కొలతలు

పిన్నీ,

ఈ మాట ఫోనులో చెప్పలేను. నీ గొంతు వినగానే బాగున్నానని చెప్పి పెట్టేస్తాను. అందుకే ఆఫీసు మెట్ల మీద కూర్చుని, బడిలో సిస్టర్ నేర్పినట్టు మార్జిన్ గీసుకుని రాస్తున్నాను.

కిందటి నెల మా ఆఫీసులో బట్టల డిజైన్లు గీసే మెషీన్ పెట్టారు. కంప్యూటర్లోనే ఉంటుంది. మన పాత పనంతా చూపిస్తే నేర్చుకుని కొత్తవి గీస్తుందట. ఒక్కొక్కరూ వంద బొమ్మలు ఇవ్వాలన్నారు. నావి అరవై తొమ్మిదే తేలాయి. మిగతా వాటికి నువ్వు కుట్టే బట్టల కొలతలు, కత్తిరింపులు గీసుకునే నోట్‌బుక్ ఫొటోలు పెట్టాను. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు, నువ్వు వంటగదిలో టీ కాస్తుంటే తీశాను. ముప్పై ఒక్క పేజీలు. అడిగితే ఇచ్చేదానివే. అడగడానికి నోరు రాలేదు.

నిన్న అది ఒక కోటు గీసింది. ఎడమ చంక కింద మాత్రం నాలుగు పలకల ముక్క. కుడివైపు లేదు. నువ్వెందుకు అలా కత్తిరించావో తెలియదు కానీ, ఆ గీత నీది.

"ఒక పక్కే పెట్టాలని మనలో ఎవరికైనా తట్టిందా?" అంది హెడ్ మేడమ్. ఎండాకాలంలోనూ శాలువా తియ్యని మనిషి, ఎవర్నీ మెచ్చుకోదు. పక్క సీటావిడ నావైపు వంగి, "దీనికీ నీలాగే సిగ్గనుకుంటా తల్లీ, ఒక పక్కే చూపిస్తోంది," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఎక్కువ బాధ.

పై వారం సోమవారం, ఇచ్చినవన్నీ మా సొంతమని సంతకం చెయ్యాలి. చేస్తే ఉద్యోగం పర్మనెంటు. నిజం చెబితే పొమ్మంటారు. నీ ముప్పై ఏళ్ళ చేతిపనిని దొంగిలించాను పిన్నీ. తిట్టు. తిట్టి, ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ పుస్తకాల పురుగు

*

పురుగమ్మా,

గీతకేముంది, నేనూ కుట్టు నేర్పిన మా మాస్టారి చెయ్యి చూసి దొంగిలించినదాన్నే. దానికి తిట్టను. ఇంకోదానికి తిడతాను, కూర్చో.

ఆ ముక్క ఫ్యాషను కాదు. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడకి ఆపరేషన్లో ఎడమ రొమ్ము తీసేశారు. బిగుతు బట్టలో ఆ చెయ్యి లేవదు. అరలోంచి కట్టలు దించాలంటే ఎత్తాలిగా, అందుకు పెట్టాను. లోపల దూది. ఆవిడ చెల్లెలికి కూడా తెలియదు. నీకు చెప్పడమూ తప్పే, కానీ పేజీ ఎలాగూ నీ చేతిలో పడింది. పక్కన పేరుంది, చూడలేదూ? అంత చదువుకున్నదానివి, గీత తప్ప అక్షరం కనబడలేదా?

నేను కొలత తీస్తే అంకె పైకి చదవను. కాగితం మీద రాసి, వాళ్ళకే చూపించి, మడిచేస్తాను. చిన్నప్పుడు నువ్వు టేపు పట్టుకుని "ఎంత పిన్నీ, ఎంత?" అని అరిస్తే నెత్తిన మొట్టాను. ఎందుకో అప్పుడే చెప్పాల్సింది.

నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. ఆ ముప్పై ఒక్కమందినీ అక్కణ్ణుంచి తీసుకురా.

పిన్ని

*

పిన్నీ,

సంతకం చెయ్యలేదు. లేచి, అందులో ముప్పై ఒకటి నావి కావని, మా పిన్నివని చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. "ఏవి?" అంటూ హెడ్ మేడమ్ ప్రొజెక్టరుతో గోడ మీద తెర వెలిగించింది. మొదటి పేజీయే పోస్టాఫీసావిడది. పేరు, అంకెలు, నీ చేతిరాతలో 'ఎడమ, దూది'. గదిలో పన్నెండు మంది. ఎలా నడిచానో తెలియదు, వెళ్ళి తెరకు అడ్డంగా నిలబడ్డాను. ఆ అంకెలన్నీ నా చొక్కా మీద వంకరపోయాయి.

"చదవకండి. ఇవి పైకి చదివేవి కావు," అన్నాను. పక్క సీటావిడ ఈసారి నవ్వలేదు, తల దించుకుంది.

మేడమ్ తెర ఆపేసింది. పేజీలన్నీ నా ఎదుటే తీయించింది. కోటు బొమ్మ పక్కన పెట్టేశారు. మెషీన్ నేర్చుకున్నది మాత్రం మర్చిపోదట. పోస్టాఫీసావిడకి నేనే వచ్చి చెబుతాను. నువ్వు చెప్పకు.

నా ఉద్యోగం సంగతి ఇంకా తేల్చలేదు. సాయంత్రం సంచి సర్దుకుంటుంటే మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చింది. శాలువాని ఎడమ భుజం మీద బిగించి పట్టుకుని, "మీ పిన్ని కొత్తవాళ్ళకి కుడుతుందా?" అని అడిగింది. కుడుతుందన్నాను. మడిచిన కాగితం ఒకటి పెట్టి వెళ్ళిపోయింది.

దీంతోపాటు పంపుతున్నాను. మడత విప్పలేదు.

నీ పురుగు