బల్బు వెలుతురులో సున్నా

మార్చి 2, ఆదివారం

అక్క ఆఫీసు ట్రైనింగ్‌కి వెళ్లింది. నెల రోజులు. సవాలక్ష జాగ్రత్తలు చెప్పింది. అన్నీ హాల్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియం గురించే. నా గురించి ఒక్కటీ లేదు.

అది బావ పెట్టిన ట్యాంకు. బావ పోయి రెండేళ్లు. ఏడు చేపలున్నాయి. పెద్దది క్లౌన్ ఫిష్, పదకొండేళ్లది. ఎవరొచ్చినా అద్దం దాకా వచ్చి ఎగాదిగా చూస్తుందని బావ దానికి సారు అని పేరు పెట్టాడు. ఇప్పటికీ ఇంట్లో అందరం సారు తిన్నారా, సారు పడుకున్నారా అనే అంటాం.

ఎడమవైపు బోసిగా ఉందని అక్క బస్తాడు ఎండు రాళ్లు తెచ్చింది. ఎవరో ట్యాంకు ఎత్తేస్తూ ఇచ్చారట. నిండా బొక్కలు. బొక్కల్లో ఎప్పుడో చచ్చి ఎండిన స్పాంజీలు, అంటే రాళ్లకి అంటుకుని బతికే మెత్తటి సముద్రపు జీవులు. అలాగే ట్యాంకులో పెడితే అవి కుళ్లి, అమ్మోనియా పుట్టి, చేపలు చస్తాయి. అందుకని బ్లీచ్‌లో నానబెట్టాలి, కడగాలి, ఎండబెట్టాలి, ఆపైన వేరే టబ్బులో ఉప్పునీళ్లు పోసి, హీటరు, పంపు పెట్టి కుళ్లంతా వదిలేదాకా ఉంచాలి. మూడు రోజులకోసారి టెస్ట్. ఆకుపచ్చ రంగు వస్తే అమ్మోనియా ఉన్నట్టు, పసుపు వస్తే సున్నా. వరుసగా మూడు సున్నాలు వస్తేనే ట్యాంకులో పెట్టాలట, రాకపోతే తను వచ్చేదాకా ముట్టుకోవద్దట. ప్రతి రీడింగూ బావ నోట్‌బుక్‌లో రాయాలి.

పన్నెండేళ్లుగా రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రీడింగులు రాయడం నాకు చెప్పాలా?

మార్చి 3

బ్లీచ్. ఇల్లంతా స్విమ్మింగ్ పూల్ వాసన. సారు అద్దం దగ్గరికొచ్చి నన్నే చూస్తున్నారు.

మార్చి 6

కడిగి కడిగి చేతులు పొట్టు రేగాయి. పెద్ద రాయి లోపల ఒక స్పాంజీ ముక్క ఇరుక్కుపోయింది. బ్రష్ అందలేదు, స్క్రూడ్రైవర్ అందలేదు. వదిలేశాను. ఫోన్లో అక్కకి చెప్పలేదు.

మార్చి 8

రాళ్లు టబ్బులోకి దిగాయి. టబ్బు బాత్రూమ్‌లోకి దిగింది. ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు.

మార్చి 13

కంపు. ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో స్నానం. ల్యాబ్‌లో పక్క సీటావిడ రోజూ చేపల మార్కెట్ మీదుగా వస్తున్నావా అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాను. ఒళ్లు మండింది.

మార్చి 19

ముదురు ఆకుపచ్చ. ఇంకెన్నాళ్లు ఈ వెధవ టబ్బు?

మార్చి 22, సాయంత్రం

పసుపు! టబ్బు పక్కనే చూసి అక్కడే రాశాను. సున్నా.

మార్చి 25

మళ్లీ పసుపు. సున్నా.

మార్చి 28

టెస్ట్ చేయలేదు. సున్నా రాశాను.

మార్చి 29

పొద్దున్నే రాళ్లు ట్యాంకులో పెట్టేశాను. పెద్దది ఎడమ మూల. ఎంత బాగుందో! సారు వెంటనే వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఫొటో పంపితే అక్క ఫోన్ చేసి ఏడ్చింది, బావ ఉంటే ఇలాగే పెట్టేవాడే అని. టబ్బు కడిగి బోర్లించి, రెండు చేతులతో స్నానం చేశాను. నెలలో మొదటిసారి పాట కూడా పాడుకున్నాను.

మార్చి 30, ఉదయం 6.40

సారు నీళ్ల పైకొచ్చి నోరు తెరుస్తున్నారు. టెస్ట్ గొట్టాన్ని కిటికీ దగ్గర పట్టుకున్నాను. ఆకుపచ్చ.

అదే గొట్టం బాత్రూమ్‌లోకి తీసుకెళ్లాను. ఎందుకో నాకే తెలియదు. అక్కడ కిటికీ లేదు, పసుపు బల్బు ఉంది. దాని కింద నీళ్లు పసుపుగా కనిపించాయి.

రంగు పగటి వెలుతురులోనే చూడాలని ల్యాబ్‌లో కొత్తవాళ్లకి నేర్పేది నేనే.

అదే రోజు, సాయంత్రం 5

రాళ్లన్నీ బయటికి తీశాను. మూడుసార్లు నీళ్లు మార్చాను. ఆరు చేపలు తేరుకున్నాయి. మూడున్నరకి సారు పోయారు. పదకొండేళ్లు బావ చేతి తిండీ అక్క చేతి తిండీ తిని, నా చేతిలో పోయారు.

ఏప్రిల్ 1

అక్క వచ్చింది. సారు పోయారని ఫోన్లో ముందే చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా నోట్‌బుక్ తీసి చదివింది. మూడు సున్నాలూ వేలితో తడిమింది. నువ్వు అన్నీ చెప్పినట్టే చేశావు, ఆ పాడు రాళ్లు తెచ్చి నేనే చంపుకున్నాను అంది. నేను కంగారుపడి ఉంటానని నా తల నిమిరింది.

తల నిమరనిచ్చాను. నాకంటే సిగ్గులేని మనిషి ఉంటుందా?

ఏప్రిల్ 3

అక్క ట్యాంకు ఇచ్చేస్తానంటోంది. తన చేతికి ప్రాణాలు నిలిపే యోగం లేదట, మిగిలిన ఆరైనా బతకాలట. చేపల షాపాయన ఆదివారం వచ్చి పట్టుకెళ్తాడు. బావ పోయాక ఆ పంపు చప్పుడు వింటేగానీ అక్కకి నిద్ర పట్టదని నాకు తెలుసు.

ఏప్రిల్ 4

వంటగదిలో చెప్పబోయాను. అక్క ఉప్పు కావాలా అంది. కావాలన్నాను.

ఏప్రిల్ 5

నోట్‌బుక్ తీసి మూడు సున్నాలూ కొట్టేశాను. పక్కనే రాశాను: మొదటి రెండూ బాత్రూమ్ బల్బు కింద చూశాను. మూడోది చూడనే లేదు. పెద్ద రాయిలో స్పాంజీ ఉందని తెలిసే పెట్టాను. తొందరపడింది నీ కోసమని అనుకున్నాను కానీ, నిజానికి నా బాత్రూమ్ కోసం. సారుని చంపింది నువ్వు కాదు.

తెరిచి ట్యాంకు మూత మీద పెట్టి ల్యాబ్‌కి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి నోట్‌బుక్ అక్కడ లేదు. అక్క తలుపు వేసుకుని ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

షాపాయన రాలేదు. అక్క ఇంకా మాట్లాడలేదు. పంపు చప్పుడు వినిపిస్తోంది. నోట్‌బుక్ మళ్లీ మూత మీదకి వచ్చింది. నా రాత కింద అక్క రాత: అమ్మోనియా సున్నా, కిటికీ దగ్గర చూశాను. దాని కింద రేపటి తేదీ. తేదీ పక్కన నా పేరు.