పదకొండు కాగానే పోయే నెట్

జూన్ 2, సోమవారం

మెయిల్ వచ్చింది! కోర్టులో మాట్లాడేది మాట్లాడినట్టే అప్పటికప్పుడు టైపు చేసే ఉద్యోగం. ఇంట్లో కూర్చుని చేసే పని. పదమూడో తారీఖు, శుక్రవారం, ఉదయం పదకొండింటికి ఆన్‌లైన్ టెస్ట్. పాత ఆఫీసు మూసేసి ఎనిమిది నెలలైంది. ఈ ఉద్యోగం నాకు కావాలి. సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను, చచ్చేంత కావాలి.

ఒకటే షరతు. వైఫై పనికిరాదు, కేబులే ఉండాలి. మధ్యలో ఒక్కసారి నెట్ పోయినా అంతే, రెండో ఛాన్స్ లేదు.

అదో లెక్కా! నా కంప్యూటర్‌ని నడిపేది విండోస్ కాదు, లైనక్స్. ఈ ఇంట్లో లైనక్స్ అంటే నేనే. మోడెమ్ పై అంతస్తులో అన్నయ్యావాళ్ళ హాల్లో ఉంది. అక్కణ్ణుంచి మెట్ల పక్కగా నా టేబుల్ దాకా కేబుల్ లాగింది నేనే. మొన్న వదిన కంప్యూటర్ పాడైతే, నా డిస్క్‌ని ఉన్నదున్నట్టు దాంట్లోకి కాపీ కొట్టి, మోడెమ్‌కి తగిలించి ఇచ్చిందీ నేనే. రేపటి నుంచి వదిన దాని మీదే పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. నన్ను తెగ పొగిడింది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

జూన్ 3, మంగళవారం, 11:20

ప్రాక్టీస్ మధ్యలో నెట్ పోయింది. ఫోన్‌లో వైఫై మాత్రం శుభ్రంగా ఉంది. రీస్టార్ట్ చేశాను. నెట్‌వర్క్ సర్వీస్ ఆపి మళ్ళీ మొదలెట్టాను. ఊహూఁ.

12:10

వచ్చింది. ఏం చేస్తే వచ్చిందో తెలీదు. అన్నయ్యకి మాత్రం నేనే బాగుచేశానని చెప్పాను.

జూన్ 4, బుధవారం

పదకొండు కాగానే మళ్ళీ పోయింది. కేబుల్ దగ్గర లైటు మినుకుమినుకుమంటూనే ఉంది. టెర్మినల్‌లో కమాండ్ కొట్టి అడిగితే కనెక్టెడ్ అంటుంది. ఒక్క పేజీ తెరుచుకుంటే ఒట్టు. ముఖం మీదే అబద్ధం! నెట్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారే, అది మార్చాను. పాత డ్రైవరే నయం అనిపించి మళ్ళీ అదే పెట్టాను.

జూన్ 5, గురువారం

నెట్ కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. నా కేబుల్ తీసి తన లాప్‌టాప్‌కి గుచ్చి, అంతా బాగానే ఉంది మేడమ్, మీ లైనక్స్‌దే తప్పు అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళుగా వాడుతున్నానయ్యా, నాకు చెప్పకు అని దులిపేశాను. పాపం, చెమట కూడా తుడుచుకోకుండా వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే వదిన దిగి వచ్చింది. నా క్లాసు కూడా ఆగి ఆగి వస్తోంది, నా కంప్యూటర్ వల్లేమైనా అవుతోందా అని అడిగింది. నీకు తెలీదులే వదినా, నువ్వెళ్ళు అని కసిరాను.

సాయంత్రం కొత్త కేబుల్ కొన్నాను.

జూన్ 6, శుక్రవారం

ఒక్కసారి కూడా పోలేదు. కొత్త కేబుల్ మహిమ!

జూన్ 10, మంగళవారం

ఐదో రోజు. బండలా ఉంది కనెక్షన్. పైన కూడా చడీచప్పుడూ లేదు, ప్రాక్టీస్ దివ్యంగా సాగుతోంది. నా తెలివికి నాకే ముచ్చటేస్తోంది.

జూన్ 12, గురువారం

పొద్దున పదకొండింటికి పోయింది. రేపే టెస్ట్.

ఫోన్ వైఫైలోనే ఉంది కదా అని దాన్నుంచి నా కంప్యూటర్ నంబరుకి పింగ్ కొట్టాను. ఉన్నావా అని అడిగితే ఉన్నానని జవాబు రావాలి, అంతే. వచ్చింది. మరి ఉండి ఏడుస్తున్నావెందుకే అని కోపంతో కేబుల్ పీకేశాను. అయినా ఉన్నానంది! కంప్యూటరే ఆపేశాను. ఇంకా ఉన్నానంటోంది!

అప్పుడు వెలిగింది. ఇంటికి డోర్ నంబర్లా నెట్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబరుంటుంది. మామూలుగా మోడెమే ఇస్తుంది. నేను గొప్పకి పోయి నాది ఎప్పుడో చేత్తో రాసిపెట్టుకున్నాను. డిస్క్ కాపీ కొట్టినప్పుడు ఆ నంబరూ వదినకి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఆన్ చేస్తే ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలో తెలీక మోడెమ్‌కి పిచ్చెక్కుతోంది.

పరుగున మెట్లెక్కాను. వదిన క్లాసు చెబుతోంది. నన్ను చూసి గబగబా కంప్యూటర్ ఆపేసి, నీది పోయిందా, సారీ అంది. తను ఆన్ చేస్తే నాది పోతోందని మూడో రోజే కనిపెట్టిందట. అది చెబుదామనే ఆవేళ కిందికి వచ్చిందట. నేను కసిరేసరికి ఊరుకుని, టెస్ట్ అయ్యేదాకా పిల్లలకి సెలవిచ్చేసిందట. ఒక పిల్లకి రేపు పరీక్ష, పది నిమిషాలు చెప్పి కట్టేద్దామనుకున్నా అంది. నీకు ఉద్యోగం వస్తే చాలు, వారం లెక్కలు చెప్పకపోతే కొంపలేం మునగవులే అంది. కోపంగా కూడా అనలేదు.

కొత్త కేబుల్ మహిమట! నా మొహం.

నంబరు మోడెమే ఇచ్చేలా వదిన కంప్యూటర్‌లో మార్చాను. రెండు నిమిషాల పని. తర్వాత వదినని పట్టుకుని ఏడ్చాను. రేపు పదకొండింటికి నువ్వు క్లాసు చెప్పాల్సిందే అన్నాను. మళ్ళీ పోతే ఎలా, వద్దంటే వద్దంది. నువ్వు చెప్పకపోతే నేను టెస్ట్ రాయనని మొండికేశాను.

టెక్నీషియన్‌కి ఫోన్ చేసి క్షమించమన్నాను. లైనక్స్‌దే తప్పని నేను చెప్పలేదా మేడమ్ అన్నాడు. దానిది కాదు బాబూ, నాది అన్నాను.

జూన్ 13, శుక్రవారం, 10:50

పైన వదినది ఆన్. కింద నాది ఆన్.

12:05

ఒక్కసారి కూడా పోలేదు!!

జూన్ 16, సోమవారం

ఉద్యోగం వచ్చింది. ఒక్క తప్పు తప్ప అంతా బాగుందట. సాక్షి పేరేమిటని అడగాల్సిన చోట జడ్జిగారు ఏడు తొమ్మిదులు అరవై మూడు అన్నట్టు టైపు చేశానట. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా వదిన గొంతు వదిన గొంతే.