వేరే గ్రహం రాణికి కాలరు

నవంబరు 10, సోమవారం
ఇరవై ఏళ్ళుగా జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, చర్చి పాటల బృందానికి గౌన్లు. ఇవాళ మా చెల్లెలి కూతురు రూతు వైజాగ్ కాలేజీ నుంచి వచ్చి మిషను మీద ఓ బొమ్మ పెట్టింది. వేరే గ్రహం రాణి. మెడ వెనక నుంచి తలకంటే ఎత్తుగా లేచిన కాలరు, దాన్నిండా మెరుపులు. వాళ్ళ షార్ట్ ఫిల్ముకట. బొర్రా గుహల దగ్గరి రాళ్ళలో షూటింగు, వచ్చే శనివారం కాదు ఆ పై శనివారం, ఒక్క పూటే. "నువ్వే కుట్టాలి పెద్దమ్మా." నావల్ల కాదని నోటిదాకా వచ్చింది. సరేనన్నాను. సంతోషంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నవంబరు 11
పాత పేపరు మీద గీసి కోశాను. మూడుసార్లు. నల్ల శాటిన్, లోపల ఎర్ర లైనింగు. బిగువుకి మధ్యలో రెండు పొరల బక్రం గుడ్డ, పైన చిక్కటి గంజి.

నవంబరు 13
నిన్న సాయంత్రం బల్లలా నిలబడింది. పొద్దున లేచి చూస్తే మంచుకి మెత్తబడి, తడిసిన కోడిలా వాలిపోయి ఉంది. అరకులో పుట్టి, ఈ మంచులో పెరిగి, గంజిని నమ్ముకున్నాను. నా అంత తెలివిగలది ఇంకొకతి ఉండదు.

నవంబరు 14
అమ్మ చేట అల్లుతూ నా కాలరు కేసి చూసింది. "దీనికి బొమికల్లేవేటే గుంటా?" – నలభై దాటినా నేను గుంటనే. పొయ్యి మీది అటక నుంచి వెదురు బద్దలు దింపింది. ఏడాదిగా పొగ పట్టినవి... పురుగు పట్టదు, చెమ్మకి వంగదు. కత్తితో సన్నగా చీరింది. బద్దకో గొట్టం చొప్పున కుట్టు వేసి లోపలికి దూర్చాను. తొమ్మిది. నిలబడింది! రాణిగారికి వంటింటి వాసన మాత్రం తప్పదు.

నవంబరు 16, ఆదివారం
చెమ్కీలు, అద్దాలు అయ్యాయి. అయినా బోసిగా ఉంది. ప్రార్థన నుంచి వచ్చాక అమ్మ తన ట్రంకుపెట్టె అడుగు నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. నిండా పూసల దండలు – ఎర్రవి, పసుపువి, పిడికిళ్ళ కొద్దీ. బాప్తిస్మం తీసుకున్న రోజు, ఇక నగలు పెట్టుకోనని మెడలోంచి తీసేసిందట. ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నాయని నాకే తెలీదు. "నాను ఎలాగూ ఎయ్యను. రాణికెయ్యి."

నవంబరు 19
పూసలు, పూసలు. వేళ్ళన్నీ సూది పోట్లే. జాకెట్ల కోసం ఇద్దరు వచ్చి మూతి ముడుచుకుని వెళ్ళారు. వెళ్ళనీ.

నవంబరు 21, శుక్రవారం
అయిపోయింది. నేనే కుట్టానా అనిపించింది.
రాణి వేషం వేసే రూతు స్నేహితురాలు వచ్చి వేసుకుని చూసింది. మెరిసిపోయింది. పది నిమిషాలకి మెడ వాల్చేసింది – బరువట. రూతు నా వైపు చూడకుండా, "సగం పూసలు తీసెయ్యవా పెద్దమ్మా" అంది. ప్రాణం చివుక్కుమంది. తీస్తే మిగిలేది ఉత్త గుడ్డ. తియ్యనన్నాను. రూతు ముఖం మాడ్చుకుంది.
అప్పుడే అమ్మ కట్టెల మోపు దించి లోపలికొచ్చింది. "ఏటి, అంత బరువా? ఇటియ్యి." కాలరు తగిలించుకుని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. మెడ అంగుళం వంగలేదు. యాభై ఏళ్ళు నెత్తిన నీళ్ళు మోసిన మెడ అది. ముందుగా ఆ పిల్లే అంది – "రూతూ, రాణి ఈవిడే."
అమ్మ అద్దంలో చూసుకుంది. నవ్వబోయింది. పూసల మీద చెయ్యి పడగానే గబగబా విప్పేసింది. "నాను పూసలెట్టుకోను, తెల్దా?"


నవంబరు 22, పొద్దున్నే
జీపు ఏడింటికి. కాలరు నా ఒళ్ళోనే ఉంటుంది. ఒక్క పూసా తియ్యలేదు. ఆ పిల్ల మెడకి బామ్ రాసుకుంటోంది. రూతు నా కత్తెర తన సంచిలో వేసుకుంది – నేను చూడలేదనుకుంటోంది.
అమ్మ ప్రార్థనలో చాలాసేపు కూర్చుంది. లేచి, "జీపులో నాకు సోటుందేటే? ఊరికే, సూడ్డానికి" అంది.
ఉందన్నాను. ఇప్పుడు గుమ్మంలో నిలబడి, జారుముడి విప్పి, మెడ మీద ఒక్క వెంట్రుకా పడకుండా జుట్టంతా నడినెత్తిన ఎత్తి కట్టుకుంటోంది...