మడ్‌గార్డు లోపలి రాత

హన్మకొండ,
ఆగస్టు 13

ప్రియమైన బాపుకు,

మేరీ అత్త పోయిన సంగతి అవ్వ ఫోన్‌ల చెప్పింది. చెప్పి ఏడ్చింది, నేను కూడ ఏడ్చిన. పరీక్ష ఉండి మట్టికి రాలేకపోయిన.

ఈ మాటలు ఫోన్‌లనే చెప్పొచ్చు. కానీ మన ఒప్పందం గుర్తున్నది గదా. నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు షెడ్డుల నా పక్కన కూర్చొని నువ్వు నేర్చుకున్న అక్షరాలు మరుగున పడొద్దని, నెలకు రెండు ఉత్తరాలు రాసుకుందామన్నం. బి.ఎడ్. అయిపోయేదాక దాన్ని తప్పనియ్యను.

నన్ను మొదటి రోజు బడికి తీసుకపోయింది అత్తనే. ఫారం చదవరాక నువ్వు, సంతకం రాక అవ్వ గేటు బయటనే నిలబడ్డరు. అత్త నా చెయ్యి పట్టుకొని లోపలికి పోయి, "ఈ పిల్ల నా మేనకోడలు, రాసుకోండి సార్" అన్నది. ఏ సంబంధమూ లేని పక్కింటి మనిషి. నేను హాస్టలుకు వచ్చేటప్పుడు చేవెళ్ల అంగడిల రెండు టిఫిన్ క్యారియర్లు ఒక్క తీరువి కొన్నది. "ఒకటి నీకు, ఒకటి నాకు. అన్నం తినేటప్పుడు నేను యాదికి రావాలె" అన్నది. ఇక్కడ రోజూ అందుల్నే తింటున్న.

అజీజ్‌నగర్ ఫామ్‌హౌజ్‌ల వంటకు పోతున్న మనిషిని పొద్దుపొద్దున గుద్ది, ఆగనైన ఆగకుండ పోయిండ్రంట. ఏ బండో తెలియలేదంట. బాపు, నువ్వు ఇరవై ఏండ్లుగ బండ్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేస్తున్నవు. ముందు భాగం పగిలిన బండి మొయినాబాద్‌ల ఏ షెడ్డుకు వచ్చినా పోలీసుల కంటె ముందు మీకే తెలుస్తది. జర కనిపెట్టు.

అత్త పోయినంక ఇంట్ల స్వామిదాసు మామ ఒక్కడే. ఆయనను ఒక్కన్ని ఉంచకండి.

నీ బిడ్డ,
అరుణజ్యోతి


మొయినాబాద్,
ఆగస్టు 19

ప్రియమైన జ్యోతికి బాపు రాస్తున్నది,

నీ ఉత్తరం అందింది. సోమారం మట్టి అయిపోయింది. స్వామిదాసు ఏడ్వలే. ఆమె చెప్పు ఒకటి చేతుల పట్టుకొని నిలవడ్డడు. రెండోది దొరకలే. క్యారియర్ గిన్నెలు రోడ్డు పొంటి దొరికితే పోలీసులు తీస్కపోయిండ్రు.

నువ్వు చెప్పినట్టు షెడ్లన్ని అడిగిన. ఎవల తాన అసువంటి బండి రాలేదన్నరు.

మనింటికి మాత్రం మంగళారం ఒక పెద్ద పని వచ్చింది. శ్రీకాంత్ సార్ జీపు. సార్ తోట, బండ్లు అన్ని చూసే మాణిక్యమే తోలుకొచ్చిండు. "షాపుల వద్దు హన్మంతు, నలుగురు చెయ్యి పెడ్తరు. మీ ఇంట్లనే చెయ్యి, పరద కట్టుకో" అన్నడు. పది దినాల కింద జన్వాడ కాడ బర్రెకు తాకిందట. బాగు చేసుడే కాదు, గుట్టలెక్కే తీరుగ తయారు చెయ్యాల్నట. ముందట ఇనుప బంపర్, బురదల దిగవడితే గుంజెతందుకు దానికి వించి, స్ప్రింగులు మార్చి మూడంగుళాలు లేపుడు, పెద్ద టైర్లు, తెలుపు తీసి మిలిటరీ పచ్చ. అసువంటి పని నా చేతికి రావాల్నని ఎన్నాళ్ల సంది అనుకున్ననో నీకు తెల్సు. పాత బంపర్, పగిలిన లైట్లు నాకే ఇడిసిండ్రు. పాత సామాన్ మిస్త్రీది గద.

సొట్టను చూసి దేనికి గుద్దిందో చెప్త నేను. చెట్టుకైతె నిలువుగ గీతలెక్క పడ్తది. బర్రెకైతె ఎడల్పుగ, గంగాళమంత. దీని ఎడమ మడ్‌గార్డు మీద గుండ్రంగ ఒక నొక్కు ఉన్నది, అంచు కోసినట్టు, డబ్బ మూతంత. బర్రె మీద డబ్బ ఏడికెల్లొచ్చె? బర్రె మెడల గంట కావొచ్చు. ఏమో.

రేకు లోపట ఇనుప మొలతోటి తారీకు, బండి నంబరు, నా పేరు గీసుడు ఇంక మానలే. మీ అవ్వ నవ్వుతున్నది. "సంతకం వచ్చింది ఒక్క నీకేనా? జీపుకు జాతకం రాస్తున్నవా?" అంటున్నది.

మంచిగ తిను.

మీ బాపు,
హన్మంతు


హన్మకొండ,
ఆగస్టు 23

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివిన. నాలుగో సారి చదివినంక లేచిపోయి నా క్యారియర్ కడిగి తెచ్చుకున్న.

దాని మూతను ఈ కాయిదం మీద బోర్లించి చుట్టూ పెన్సిల్‌తోటి గీసిన. కింద ఉన్న సున్న అదే. అత్త క్యారియర్ మూత కూడ ఇంతే ఉంటది, రెండూ ఒక్క తీరువి కాబట్టి. దీన్ని కత్తిరించి ఆ నొక్కు మీద పెట్టి చూడు.

సరిపోకపోతే నన్ను తిట్టు. చదువుకొని అందరినీ అనుమానించుడు నేర్చినవా అని తిట్టు, పడ్త. సరిపోతే మాత్రం సుత్తె కింద పెట్టెయ్యి. బండిని ఉన్నది ఉన్నట్టు ఉంచి ఠాణకు పో.

జన్వాడల పది దినాల కింద తాకిన బండిని, అత్త మట్టి అయిన మర్నాడు, పరద కట్టుకొమ్మని ఎందుకు తెచ్చిండ్రు బాపు? ఇది నీకు తట్టకుండ ఉంటదా?

వెంటనే రాయి. పదిహేను రోజులు ఆగకు.

నీ బిడ్డ,
జ్యోతి


మొయినాబాద్,
సెప్టెంబర్ 2

జ్యోతికి,

కాయిదం అందింది. అప్పటికే మడ్‌గార్డు సాపు చేసిన. పెట్టి చూసెతందుకు ఏం లేదు.

ఇప్పుడు జీపును చూస్తె నువ్వు గుర్తువట్టవు. ఎత్తుగ అయ్యింది. ముందట నల్ల బంపర్, వించి, మీద నాలుగు లైట్లు. పచ్చ రంగు రెండు కోట్లు కొట్టిన. పరద తీసిన నాడు గల్లి పోరగాండ్లంత వచ్చి ఫోటోలు దిగిండ్రు.

పోయినారం శ్రీకాంత్ సార్ వచ్చిండు. బండి చుట్టు తిరిగి నా బుజం మీద చెయ్యేసి, "హన్మంతన్నా, నీ చేతుల ఏదో ఉన్నదే" అన్నడు. పదిహేనేండ్ల సంది "ఏయ్ హన్మంతు" అని పిలిచిన మనిషి. అన్న అనంగనె గుడ్డ తీసి బానెట్ ఇంకోసారి తుడిచిన.

మాణిక్యం రెండు సార్లు అడిగిండు, "పాత బంపర్ ఏమైంది?" అని. తూకానికి అమ్మిన అని చెప్పిన.

మన ఇల్లు ఎవల జాగల ఉన్నదో నీకు ఎరికె. నీ హాస్టల్ సీటుకు ఫోన్ చేసింది ఎవలో ఎరికె. మీ అవ్వకు ఈ సంగతులేం చెప్పలే. నువ్వు మళ్ల ఇది రాయకు. చదువు చూసుకో.

హన్మంతు


హన్మకొండ,
సెప్టెంబర్ 7

బాపుకు,

రాయకు అన్నవు. ఈ ఒక్కసారి రాసి ఊకుంట.

ఇల్లు గురించి నేను తేలికగ మాట్లాడను. అక్కడ ఉండేది నువ్వు, అవ్వ. ఎండల వానల పడేది మీరు, హాస్టల్‌ల ఫ్యాను కింద కూర్చున్న నేను కాదు. సీటు సంగతి వేరు, అది నాది. అది పోతే పోనీ.

ఠాణ నంబరు తీసి పెట్టుకున్న. మూడు సార్లు ఫోన్ చేద్దామని ఆగిపోయిన. నేను చూసింది ఒక కాయిదం మీద సున్న మాత్రమే. నొక్కు చూసింది నువ్వు. నా మాటకు బలం లేదు, నీ మాటకు ఉన్నది.

మొన్న ప్రాక్టీసుకు ఇచ్చిన బడిల ఏడో తరగతికి లేఖా రచన పాఠం చెప్పిన. దీక్షిత అనే పిల్ల లేచి, "ఇప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తరు టీచర్?" అన్నది. మా బాపు రాస్తడు, పెద్దయినంక బిడ్డ దగ్గర అక్షరాలు నేర్చుకున్నడు అని చెప్పిన. పిల్లలంత చప్పట్లు కొట్టిండ్రు. నేను బోర్డు దిక్కు తిరిగి నిలబడ్డ. నీ ఉత్తరం నా పుస్తకంలనే ఉన్నది. సాపు చేసిన అని రాసిన ఉత్తరం.

దసరాకు రావాలె నేను. స్వామిదాసు మామ ఎదురొచ్చి "వచ్చినవా కోడలా" అంటే ఏం మాట్లాడాలె? అది చెప్పు. చెప్పేదాక రాను.

జ్యోతి


మొయినాబాద్,
సెప్టెంబర్ 20

ప్రియమైన జ్యోతికి,

ఠాణ బయట బెంచి మీద కూసోని రాస్తున్న. లోపటికెల్లి పిలిస్తె పోవాలె. ఆగినకాడ ఆగుత.

ముందుగాల నా అబద్దం దిద్దుకుంట. నీ కాయిదం వచ్చినప్పుడు మడ్‌గార్డు ఇంక సాపు కాలే. కత్తిరించి పెట్టి చూసిన. ఎంట్రుకంత తేడ లేదు. నొక్కుల కాయిదం ఒదిగి కూసున్నది. అది చూసి కూడ సుత్తె తీసుకున్న బిడ్డా. కొట్టిన. మేరి చెల్లె ఆఖరి గుర్తు అది, దాన్ని నా చేతులతోనే చెరిపిన. అంత నున్నగ నేను ఏ బండికి చెయ్యలే.

ఇంకోటి చెప్పాలె. ఆ నొక్కు సంగతి నీకు ఊకె రాయలే. జీపు వచ్చిన నాడే నాకు సమజైంది. నోటితోటి ఎవలకు చెప్పే ధైర్యం లేకపాయె. నీకు రాస్తె అడుగుతవని తెల్సు. అడగాల్ననే రాసిన. అడిగినంక భయపడ్డ.

బేస్తారం స్వామిదాసు మనింటికి వచ్చిండు. రెండు ఇనుప పట్టీలు తెచ్చిండు. "బావా, మేరి సమాధికి సిలువ చేసియ్యి. నీకు అక్షరాలొచ్చు గద, పేరు కూడ నువ్వే రాయి" అన్నడు. ఎల్డింగ్ పెట్టిన. సిలువ నిలవడ్డది. పేరు గీసెతందుకు మొల తీసుకున్న. రేకు లోపట గీసే మొలనే. "మే" గీసిన. ఇంక చెయ్యి కదల్లే.

"ఏమాయె బావా, అక్షరం మరిచినవా?" అన్నడు.

మరవలేదన్న. అంత చెప్పిన. బర్రె అన్నది, నొక్కు, నీ కాయిదం, సుత్తె, అంత.

నన్ను కొడ్తడనుకున్న. కొడితె బాగుండు. సిలువను తీసి ఒళ్లె పెట్టుకున్నడు. మీ అవ్వ నీళ్లు తెచ్చిస్తె తాగలే. ఆఖరికి, "పేరు సగంల ఇడువకు బావా. రాసుడు కానియ్యి. అయినంక పోదాం" అన్నడు. "రి" గీసిన. ఇద్దరం ఆటో ఎక్కినం. సిలువ మా ఇద్దరి మోకాళ్ల మీద అడ్డంగ ఉన్నది.

ఎస్సై సార్ మొదలు నమ్మలే. "సాక్ష్యం నువ్వే కొట్టి సాపు చేసి, ఇప్పుడొచ్చి చెప్తున్నవా?" అన్నడు. పాత బంపర్ నేను అమ్మలే. గడ్డిమోపుల కింద దాచిన. మనింటికి వచ్చి తీసిండ్రు. దాని మడతల క్యారియర్ క్లిప్పు ఒకటి ఇరుక్కొని ఉన్నది. వాండ్ల తాన ఉన్న క్యారియర్‌కు ఆ క్లిప్పే లేదట. సార్ ఆ క్లిప్పును పట్టుకొని చూసిండు.

"మరి ఆ జీపుకు ఇదే బంపర్ అని ఎట్ల?" అన్నడు.

"ఎడమ మడ్‌గార్డు రెండు బోల్టులు ఇప్పి లోపట చూడండి సార్" అన్న.

నిన్న పోయి ఇప్పిండ్రట. నేను ఎప్పటి తీరుగనే గీసిన. తారీకు, బండి నంబరు. దాని కింద "మేరి టిఫిన్ తాకిన జాగ. సాపు చేసింది హన్మంతు." సుత్తె కొట్టినంక చేతులు ఆగక గీసిన. లోపట రంగు కొట్టలే.

శ్రీకాంత్ సార్ ఇంట్ల లేడట. తోలింది తనేనని మాణిక్యం చెప్తున్నడట. అది కోర్టుల తేలాలె. సాక్ష్యం చెరిపినందుకు నా పేరు కూడ రాసిండ్రు. చెరిపిన గద, రాయాలె. సార్ మనుషులు పొద్దుగాల వచ్చి మనింటికి తాళం వేసిండ్రు. మీ అవ్వ స్వామిదాసు ఇంట్ల ఉన్నది. తనే వచ్చి మూటలు మోసుకపోయిండు. నీ సీటు సంగతి ఏమైతదో తెల్వది. నన్ను మాఫ్ చెయ్యి.

వాంగ్మూలం రాసినంక కానిస్టేబుల్ ఇంకు డబ్బ ముందటికి జరిపి "ఏలు పెట్టు" అన్నడు. పెన్ను అడిగిన. సార్ తలెత్తి, "ఏం చదివినవ్?" అన్నడు. "మా బిడ్డ పక్కన ఐదో తరగతి సార్" అన్న.

దసరాకు రా. స్వామిదాసు ఎదురొస్తె ఏం మాట్లాడాలె అని అడిగినవు. అన్నం తిన్నవా మామా అని అడుగు, చాలు. మిగిలింది నేను మాట్లాడిన.

పిలుస్తున్నరు. నీ సున్న కాయిదం వాండ్లే తీసుకున్నరు, ఇంక మనకు రాదు. మూత నీ తాన ఉన్నది. పైలంగ పెట్టు.

నీ బాపు,
హన్మంతు