చప్పుడు కాని గింజ

వూషీ,
చైనా గణతంత్రం ఇరవయ్యో ఏడు, మే తొమ్మిది

పెయ్‌లాన్ అక్కకు,

నీ దగ్గు తగ్గిందనీ, మీ అమ్మగారి మోకాళ్లు కుదుటపడ్డాయనీ తలుస్తూ షుమిన్ వంగి నమస్కరిస్తున్నది. మర్యాద అయిపోయింది. ఇక అసలు సంగతి.

ఎన్నికై ఇరవై రోజులైంది. ఫాంగ్ మేస్త్రికి నూటమూడు ఓట్లు, నాకు నూటరెండు. ఒక్క సోయాగింజ తేడాతో మన పట్టు మిల్లుకు మళ్లీ ఆయనే పెద్ద. దారం ఆరిపోతుందని ఆవిరి గది కిటికీలకు మేకులు కొట్టించింది ఆయన, అవి పీకిస్తానని నిలబడింది నేను. ఎవరి దగ్గు వినలేక నిలబడ్డానో నీకు చెప్పాలా?

నేనూ ఫాంగూ గోడకు మొహం పెట్టి కూర్చున్నాం, వీపుల వెనక ఓటు గింజలు వెయ్యడానికి చెరో గిన్నె. ఎవరు ఎవరికి వేశారో తెలియకూడదని అందరూ రెండింటిలోనూ చెయ్యి పెట్టాలి, గింజ ఒకదాంట్లోనే వదలాలి. కానీ నీ దగ్గు నేను పోల్చుకోలేనా? నా వెనక దగ్గావు, గిన్నెలో చెయ్యి పెట్టావు. చెవులు రిక్కించాను. గింజ టక్కుమనలేదు.

తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. మీ తమ్ముడికి ఆ వారమే ఫాంగ్ గోదాములో పని ఎలా దొరికింది? పొద్దున గింజలు పంచినప్పుడు అందరూ కొప్పులో దోపుకుంటే, నువ్వు పట్టుకాయలు ఉడికే వేణ్ణీళ్ల తొట్టి ముందు నుంచి లేవనైనా లేవకుండా తడి అంగీ జేబులో పడేశావు. అంత చులకనా? మర్నాడే ఊరెళ్లిపోయావు. డాక్టరు పొమ్మన్నాడట, నమ్మమంటావా?

ఫాంగ్ గేటు దగ్గర నవ్వుతూ, "ఏమ్మా, పక్క తొట్టిదానికే నచ్చకపోతివి, మిల్లుకేం నచ్చుతావ్?" అన్నాడు. చావ్ అవ్వ మాత్రం, "అనుమానం పెనుభూతమే పిచ్చిదానా, పోయి దాన్నే అడగరాదూ!" అని తిట్టింది. అబద్ధం చెప్తావని భయం. నిజం చెప్తావని ఇంకా భయం.

నిన్న జావా నుంచీ మద్రాసు నుంచీ మన ఓటు పద్ధతి నేర్చుకుందామని కొందరొచ్చి గిన్నెల బొమ్మలు గీసుకున్నారు. మద్రాసు ఆవిడ, "ఇది మాకూ వస్తే మిల్లు పనివాళ్లదే అయిపోతుందా?" అని అడిగింది. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పద్దెనిమిదేళ్ల క్రితం పార్లమెంటుకు తాళం వెయ్యబోయిన సేనానిని, అతని సైన్యం ఎక్కిన రైళ్లు ఆపేసి ఇంటికి పంపినవాళ్లలో ఆయనొకడు. ఆనాడు రైళ్లు కదిలి ఉంటే ఈ గింజలే లేవు. అయినా ఆవిడతో, "గింజ చేతికొస్తుందమ్మా, పక్క మనిషిని మాత్రం నమ్మకు" అన్నాను. రాసుకుంది.

ఇక నాకు ఉత్తరం రాయకు.

షుమిన్

తా.క. కవరు అంటించే ముందు నా గిన్నె బోర్లించాను. సూపు కాచుకోమని ఓడినవాళ్ల గింజలు వాళ్లకే ఇచ్చేస్తారు కదా. నూటొకటి గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం నాని ఉబ్బి, తొక్క చిట్లి, మళ్లీ ఎండి ముడతలు పడింది. తడి జేబులో పొద్దంతా నానిన గింజ టక్కుమని ఎలా అంటుంది? మరి తగ్గిన గింజ ఎవరిదంటావా? నిలబడ్డవాళ్లకూ ఒక గింజ ఇస్తారు. తన గిన్నెలో తానే వేసుకోవడం సిగ్గులేని పని అని మా అమ్మ నేర్పింది. నాది ఫాంగ్ గిన్నెలో వేశాను అక్కా. మద్రాసు ఆవిడ రేపటిదాకా ఉంటుంది, ఆ మాట కొట్టేయించాలి. నీ దగ్గు ఎలా ఉందో రాయి.